తొలి విమానం కింద కొబ్బరిచిప్ప

దుబాయ్ పోబోయే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. వీసా చేతికొచ్చి, టికెట్టు కూడా అయ్యాక, పోయేముందు పెద్దమనిషిని ఒకమాట అడిగి పోదామని వస్తారు. "కాకా, ఆడ ఎట్ల బతకాలె?" అంటారు. ఎండలో నీళ్ళు బాగా తాగమంటాను. పాస్‌పోర్ట్ జిరాక్స్ దగ్గర పెట్టుకోమంటాను. రూమ్‌లో పేకాట జోలికి పోవద్దంటాను. వాళ్ళు తలూపి, చాయ్ తాగి వెళ్ళిపోతారు. అసలు చెప్పాల్సింది ఒకటి మిగిలిపోతుంది. అది చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖం చూస్తూ చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసింది ఉత్తరాన, సముద్రం పక్కన ఒక చిన్న విమానాశ్రయంలో. దాని పేరు రాయను. రాస్ అల్ ఖైమా అనుకుంటారేమో, అది కాదు. మాది ఇంకా చిన్నది. షార్జాలో రోలా దగ్గర బస్సు ఎక్కి నిద్రపోతే, ఎక్కడ దిగాలో డ్రైవర్ లేపి చెప్పేంత మారుమూల. ఇటు కొండలు, అటు ఉప్పునేల, మధ్యలో ఒక రన్‌వే.

మా విమానాశ్రయం చరిత్ర అంటే వచ్చిపోయినవాళ్ళ చరిత్రే. మొదట్లో అక్కడ ఇసుకను నీళ్ళతో తడిపి, రోలర్‌తో తొక్కించిన నేల ఉండేదట. ఆయిల్ కంపెనీ వాళ్ళ చిన్న విమానాలు దిగేవట. తరువాత తారు రన్‌వే వేశారు, తోరణాల్లాంటి కిటికీలతో ఒక టెర్మినల్ కట్టారు. నేను లోడర్‌గా చేరేటప్పటికి రష్యా నుంచి బేరగాళ్ళ విమానాలు వచ్చేవి. టీవీలు, దుప్పట్లు, బొమ్మలు కొని, సీట్ల మధ్యకూడా కుక్కుకుని పోయేవాళ్ళు. అవి ఆగిపోయాయి. తరువాత ఒక కంపెనీ వచ్చింది, రెండు చలికాలాలు నడిపి పోయింది. ఇంకొకటి వచ్చింది, బోర్డు రంగు ఆరకముందే పోయింది. ప్రతిసారీ మేం చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవాళ్ళం, ప్రతిసారీ మడిచి పెట్టెలో పెట్టుకునేవాళ్ళం. కరోనా వచ్చినప్పుడు మాత్రం మా దగ్గర ఎన్నడూ లేనన్ని విమానాలు నిలిచాయి. ఎగరడానికి కాదు, ఎగరలేక. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో చోటు చాలక తెచ్చి మా దగ్గర పెట్టారు. వాటి ఇంజన్లకు గుడ్డలు కట్టి, లోపల పిట్టలు గూళ్ళు పెట్టకుండా చూడడం మా పని.

అప్పటికి నేను సూపర్‌వైజర్‌ని. లోడర్ నుంచి అక్కడిదాకా ఎలా వచ్చానంటే, సగం కష్టంతో, సగం ఒక మాటతో. ఆ మాట ఖలాస్. అయిపోయింది అని అర్థం. గల్ఫ్‌లో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పెద్దసారు వచ్చి "అయిందా?" అంటే ముందు "ఖలాస్ సార్" అనాలి, ఆయన వెనక్కి తిరగ్గానే పరుగెత్తి చేయాలి. చేరిన కొత్తలో నాకు ఇది నేర్పినవాడు మా జగిత్యాల దిక్కువాడే. "కాలేదు అన్నోనికి తిట్లు, ఖలాస్ అన్నోనికి చాయ్" అనేవాడు. వాడి మాట నిజమైంది. ఏళ్ళ తరబడి నేను ముందు అని, తరువాత చేశాను. నూటికి తొంభైసార్లు చేశాను కూడా. మిగతావాటిని ఎవరూ పట్టించుకోలేదు. కనుక దాన్ని నేను అబద్ధం అనుకోలేదు, పనితనం అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

కరోనా తగ్గిన తరువాతి చలికాలం మాకు ఒక కబురు వచ్చింది. ఒక ఎయిర్‌లైన్ మా దగ్గరనుంచి హైదరాబాద్‌కు విమానం నడుపుతుందట. మొదట కొన్నాళ్ళు చూస్తారు, నచ్చితే ఉంటారు. ఆ కబురు విన్నరోజు మా క్యాంపులో పండగే. చుట్టుపక్కల రాళ్ళ క్వారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఉన్నది సగం మనవాళ్ళే. ఊరికి పోవాలంటే సామాను మోసుకుని బస్సులు మారి దుబాయ్ దాకా పోవాలి. ఇప్పుడు క్వారీ నుంచి టాక్సీ ఎక్కితే విమానం దగ్గర దిగొచ్చు. మా టగ్గు డ్రైవర్ మెట్‌పల్లి వాడు, పదేళ్ళుగా నా చేతికింద ఉన్నాడు. వాడైతే ఆ రోజంతా అందరికీ ఫోన్లు చేశాడు. "మన హైదరాబాద్ బండిని మన చేతులతోనే నూకుతమన్నా" అన్నాడు నాతో. టగ్గు అంటే నిలబడ్డ విమానాన్ని వెనక్కి నెట్టే బరువు బండి.

ఆ విమానం రావడం వెనక ఉన్నది ఒక అమ్మాయి. మేం మేడం అనేవాళ్ళం. ఆ ఊరి అమ్మాయే, లోకల్. ఆపరేషన్స్‌లో చిన్న అధికారి. ఎయిర్‌లైన్ వాళ్ళతో మీటింగులన్నీ ఆమే నడిపింది. ఎండలో వాళ్ళకు రన్‌వే అంతా తిప్పి చూపించింది. హిందీ ఇంట్లో డ్రైవర్ దగ్గర నేర్చుకుందట, మాతో హిందీలోనే మాట్లాడేది. నన్ను చాచా అనేది. మా అందరికీ ఆమెను చూస్తే ముచ్చట, కొంచెం నవ్వు కూడా. ఎందుకంటే ఆమె రోజూ పొద్దున నల్లటి అబాయా మీద పచ్చ జాకెట్టు తొడుక్కుని, సేఫ్టీ బూట్లు వేసుకుని, విమానం నిలిచే స్టాండ్ అంతా తల వంచుకుని నడిచేది. ఆ చివరనుంచి ఈ చివరకు, మళ్ళీ ఈ చివరనుంచి ఆ చివరకు. రాయి, మేకు, ఖర్జూరపు గింజ, ఏది కనిపించినా ఏరి సంచిలో వేసుకునేది. విమానాలు రాని రోజుల్లో కూడా నడిచేది.

"మేడం ఏం పారేసుకున్నదన్నా, దినాం దేవులాడుతది?" అని మావాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆమె ఎందుకు నడుస్తుందో నాకు తెలుసు. విమానం ఇంజన్ నేలమీద ఉన్న చిన్న రాయిని కూడా లోపలికి లాగేసుకుంటుంది. లాగితే లోపలి రెక్కలు దెబ్బతింటాయి. విమానం దిగేముందు స్టాండ్ నడిచి చూసి సంతకం చేయడం ఆపరేషన్స్ వాళ్ళ పని. అది తెలిసీ నవ్వేవాణ్ణి.

తొలి విమానానికి ముందు వారం, ఆమె మా షెడ్డు దగ్గర నిలబడి చాయ్ తాగుతూ అన్నది: "చాచా, ఈ ఫ్లైట్ సరిగ్గా వచ్చి సరిగ్గా పోతే షిఫ్ట్ ఇన్‌చార్జ్ కుర్చీ నాది. ముదీర్ మాట ఇచ్చాడు. ఏదైనా తేడా వస్తే గేటు పాసుల ఆఫీసులో కూర్చోబెడతారు. జీవితమంతా ఫోటోలు అంటించుకోవాలి."

"తేడా ఎందుకొస్తది మేడం, మేము లేమా?" అన్నాను.

ముదీర్ అంటే మా మేనేజర్. ఆడపిల్లకు స్టాండ్ మీద ఏం పని అనే పెద్దలు ఆయన చుట్టూ చాలామంది ఉన్నారని మాకందరికీ తెలుసు.

ఆ రోజుకోసం కంపెనీ ఒక టగ్గును తెప్పించింది. ఎక్కడో వాడిందే, రంగువేసి కొత్తదానిలా చేశారు. దాన్ని చూడగానే నాకు పూజ చేయాలనిపించింది. డ్రైవర్ మీదకు నెట్టి తప్పించుకోను, ఆ ఆలోచన నాదే. కొత్త బండి, మొదటి పని, అదీ మన హైదరాబాద్ విమానం. పూజ చేయకుండా దాన్ని స్టాండ్ మీదకు ఎలా పంపడం? శుక్రవారం రోలాకు పోయి కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ, పూలదండ తెచ్చాను. కర్పూరం మాత్రం తేలేదు. ఆయిల్ ట్యాంకర్లు తిరిగే చోట నిప్పు వెలిగించకూడదని నాకు తెలుసు. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. నిప్పు సంగతి తట్టిన బుర్రకు చిప్ప సంగతి తట్టలేదు.

ఆ పొద్దున షెడ్డు ముందు టగ్గును కడిగి, బొట్టు పెట్టి, దండ వేశాం. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. నేనే కొబ్బరికాయ కొట్టాను. ముందున్న ఇనుప బంపర్‌కేసి కొట్టాను, ఒక్క దెబ్బకే పగిలింది. అందరూ సంతోషించారు. ఫైరింజన్ దగ్గరున్న పెషావర్ ఆయన కూడా వచ్చి ఒక ముక్క అడిగి తీసుకుని తిన్నాడు. "యల్లా" అన్నాను, డ్రైవర్ బండిని నిమ్మకాయల మీదుగా ముందుకు కదిలించాడు. కిందపడ్డ చిప్ప ముక్కలన్నీ ఏరేశాం. ఏరేశామనే అనుకున్నాం. టగ్గు టైర్లకు వేలు పట్టేంత లోతు గాళ్ళు ఉంటాయి. ఆ గాళ్ళలోకి ఎవరూ చూడలేదు. దండ తీసేసి, డ్రైవర్ బండిని స్టాండ్ మీదకు తీసుకుపోయి, ఒకసారి ముందుకు వెనక్కి నడిపి చూసుకుని, పక్కకు తెచ్చి నిలిపాడు.

విమానం వచ్చే వేళ దగ్గరపడింది. మేడం జాకెట్టు తొడుక్కుని స్టాండ్ వైపు బయలుదేరింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. వాళ్ళ తాత వచ్చాడట. ముసలాయన చక్రాల కుర్చీలో ఉంటాడు, కారులోంచి దింపి లోపలికి తేవాలి. తాత ఆ రోజు రావాలని ఆమె ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నది. ఎందుకంటే ఆ విమానాశ్రయంలో మొట్టమొదట పనిచేసినవాళ్ళలో ఆయన ఒకడు. ఆమె ఒకసారి గేటు వైపు చూసింది, ఒకసారి స్టాండ్ వైపు చూసింది. తరువాత నన్ను చూసింది.

"చాచా, స్టాండ్ చూశారా?"

"ఖలాస్ మేడం. సబ్ సాఫ్."

"పక్కా?"

"పక్కా."

ఆమె చేతిలోని ట్యాబ్ మీద వేలితో సంతకం చేసి, గేటు వైపు పరుగెత్తింది.

నేను చూడలేదు. చూద్దామనే అనుకున్నాను. ఆమె అటు పోగానే నడవాలనే అడుగు వేశాను. ఫైరింజన్ దగ్గర మావాళ్ళంతా ఫోటోకు నిలబడ్డారు. "అన్నా రా, నువ్వు లేకుంటే ఎట్ల" అని పిలిచారు. పోయాను. మధ్యలో నిలబెట్టారు. ఒకటి తీశాక ఇంకొకటి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఇంతలో టవర్ నుంచి కబురు, విమానం దిగుతోందని. అందరం ఎవరి చోటికి వాళ్ళం పరుగెత్తాం.

దిగింది. ఫైరింజన్లు స్వాగతంగా రెండు వైపులా నీళ్ళు చిమ్మాయి, వాటి మధ్యనుంచి విమానం మెల్లగా వచ్చి స్టాండ్ మీద నిలిచింది. అద్దాల వెనక కుర్చీలో ఉన్న ముసలాయన చేయి పైకెత్తాడు. పక్కన మేడం నిలబడి ఉంది. అంత దూరంనుంచి కూడా ఆమె నవ్వు కనిపించింది. నా కళ్ళు చెమర్చాయి కూడా. అది చెప్పుకోవడానికీ సిగ్గే ఇప్పుడు.

దిగేవాళ్ళు దిగారు. ఎయిర్‌లైన్ తరఫు ఇంజనీరు, తమిళాయన, విమానం చుట్టూ నడిచి చూస్తున్నాడు. ఎడమ ఇంజన్ దగ్గర ఆగాడు. వంగి ఏదో తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. తరువాత మా దగ్గరికి నడిచి వచ్చాడు. ఆయన చేతిలో కొబ్బరిచిప్ప ముక్క. పీచు ఉంది. కుంకుమ అంటి ఉంది.

"ఇక్కడ ఎవరు పూజ చేశారు?" అన్నాడు హిందీలో, గొంతు పెంచకుండా.

డ్రైవర్ ముఖం పాలిపోయింది. నేనే అన్నాను, "మేమే సార్. షెడ్డు దగ్గర."

"మేమూ చేస్తాం మా ఊళ్ళో" అన్నాడాయన. "గేటు బయట చేస్తాం."

లైటు తీసుకుని ఇంజన్ లోపలికి వంగాడు. లోపల ఒక రెక్క అంచున చిన్న గాటు ఉందన్నాడు. అది మా చిప్ప వల్ల పడిందా, ఎప్పటిదో పాతదా, ఎవరూ చెప్పలేరు. కానీ చిప్ప కింద దొరికాక, గాటు కనిపించాక, ఊరికే ఎగరనివ్వరు. కొలతలు తీయాలి, ఫోటోలు పంపాలి, వాళ్ళ పెద్దాఫీసు ఒప్పుకోవాలి. తొలి విమానం నిలిచిపోయింది.

మేడం వచ్చింది. ఇంజనీరు చేతిలోని ముక్కను చూసింది. ఏమిటని అడగలేదు. నన్ను చూసింది, అంతే. అడిగితే బాగుండునని, తిడితే ఇంకా బాగుండునని అనిపించింది. ఆమె వెంటనే పనిలో పడింది. టవర్‌కు చెప్పింది, ప్రయాణికులకు నీళ్ళు, తిండి చూడమని చెప్పింది. తరువాత స్టాండ్ చివరకు పోయి, తల వంచుకుని నడవడం మొదలుపెట్టింది. ఎయిర్‌లైన్ వాళ్ళు, ముదీర్, ఫోటోలు తీయడానికి వచ్చినవాళ్ళు, అందరూ చూస్తుండగా నడిచింది. నేను వెనకాల బయలుదేరాను.

"మీరు ఉండండి చాచా" అన్నది వెనక్కి తిరగకుండా.

నిలబడిపోయాను. ఏం చేయాలో తోచక, ప్రయాణికుల దగ్గర సామాను ఏమైనా సర్దుదామని హాల్లోకి పోయాను. హాలంతా మనవాళ్ళే. కొందరు కరోనా ముందు వచ్చినవాళ్ళు, ఇన్నాళ్ళకు ఇంటికి పోతున్నారు. దుప్పటి మూటలు, అట్టపెట్టెలు, తాళ్ళు. ఎవరో అప్పటికే కబురు మోసేశారు.

"ఏందంట, ఎందుకాగింది?"

"విమానం కింద కొబ్బరిచిప్ప దొరికిందంట."

"అయితే మనోళ్ళే అయ్యుంటరు. ఇంకెవలు జేస్తరు గాపని."

నవ్వారు. వాళ్ళకు కోపం కూడా లేదు. నా పచ్చ జాకెట్టు చూసి ఒకాయన "అన్నా, రాత్రికన్నా ఇంటికి జేరుతమా? మా బిడ్డ ఎయిర్‌పోర్ట్ కాడ నిలబడ్డది పొద్దుగాలనుంచి" అన్నాడు. చేరతారన్నాను. నాకేం తెలుసని అన్నాను? నోటికి అలవాటు.

అద్దాల దగ్గర మేడం తాత ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి వేలితో పిలిచాడు. బాగా వయసు మీద పడ్డ మనిషి, గొంతు మాత్రం గట్టిది. పాతకాలం బొంబాయి హిందీ మాట్లాడాడు.

"నువ్వేనా ఆ చాచా?"

"ఏ చాచా బాబా?"

"మా పిల్ల చెప్పేది. షెడ్డు దగ్గర ఒక చాచా ఉన్నాడు, ముసలాయన, మోకాలు నొప్పితో కొంచెం కుంటుతాడు అని."

నేనేనన్నాను. ఆయన పక్కన కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. పరుగెత్తి పోవాలని ఉన్నా కూర్చున్నాను.

"నేను ఇక్కడ దీపాలు పెట్టేవాణ్ణి" అన్నాడు. "కరెంటు లేదు. డబ్బాలో ఇసుక, దాంట్లో కిరోసిన్, దాంట్లో గుడ్డ. విమానం సాయంత్రం వస్తుందంటే రెండు వరసలు పెట్టాలి. వెలిగించేముందు మేమంతా పక్కపక్కన వరసగా నిలబడి, నేల చూసుకుంటూ నడిచేవాళ్ళం. మేకలు తిరిగే నేల అది. ఎముక ఉంటుంది, రాయి ఉంటుంది. ఒకసారి ఒక రాయి వదిలేశాం. చక్రం పగిలింది. పైలట్ బతికాడు. మా పెద్దాయన మమ్మల్ని తిట్టలేదు, మర్నాడు ఆయనే ఒక్కడూ నడిచాడు. అది చూశాక మాలో ఎవడూ మళ్ళీ తల ఎత్తి నడవలేదు."

బయట మేడం ఇంకా నడుస్తోంది. ఆయన అటు చూశాడు.

"నేనే నేర్పాను దానికి. ఎవరి మాటా నమ్మొద్దు, నీ కాళ్ళతో నడువు అని. మొన్న అంటుంది కదా, తాతా, ఒక్కడు ఉన్నాడు, ఆయన సాఫ్ అంటే నేను మళ్ళీ చూడక్కర్లేదు అని." ముసలాయన నా చేతిమీద చేయి వేశాడు. "అలాంటి మనిషి దొరకడం అదృష్టం. మాకు దొరకలేదు."

ఆ చేయి బరువుగా ఏమీ లేదు, ఎండుటాకులా ఉంది. కానీ దాని కింద నా చేయి కదల్లేదు. ఇంత వయసు వచ్చింది, ఎందరో తిట్టారు, ఒకడు చెప్పు కూడా ఎత్తాడు. ఏ తిట్టుకూ అంత సిగ్గుపడలేదు.

"విమానం ఎందుకు ఆగింది?" అని అడిగాడు.

"చిన్న పని ఉంది బాబా, అయిపోతుంది" అన్నాను. ఆయనకూ అదే చెప్పాను.

పొద్దు వాలే వేళకు పెద్దాఫీసు ఒప్పుకుంది. విమానం కదిలింది. మా డ్రైవరే టగ్గుతో వెనక్కి నెట్టాడు, చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. విమానం పోయేటప్పుడు స్టాండ్ మీద మేడం లేదు. ముదీర్ ఇంకొకాయన్ను నిలబెట్టాడు. అద్దాల దగ్గర ముసలాయన మనవరాలి కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

మర్నాడు ముదీర్ గదిలో కూర్చోబెట్టారు. మేడం, నేను, డ్రైవర్. రాత్రంతా అనుకున్న మాట ముందే అనేశాను. "సార్, కొబ్బరికాయ కొట్టింది నేను. స్టాండ్ నడవకుండా సాఫ్ అని చెప్పింది నేను. మేడం నా మాట మీద సంతకం పెట్టింది. శిక్ష నాకు వేయండి."

ముదీర్ కోపంగా లేడు. కోపం ఉంటే బాగుండేది. నా వైపు చూసి, ఏదో చిన్నపిల్లవాడితో చెప్పినట్టు చెప్పాడు. "సంతకం ఎవరిది? నీదా? నువ్వు అన్న మాట ఎక్కడుంది? నేను రిపోర్టులో ఏమని రాయాలి, లేబర్ ఖలాస్ అన్నాడు అనా?" నవ్వాడు కూడా. "నీ మాటకు ఇక్కడ లెక్క లేదు. చూడాల్సింది ఆమె."

మేడం వైపు తిరిగాను. ఏదైనా అంటుందేమోనని.

"ఆయన చెప్పింది నిజం" అన్నది. "నడవాల్సింది మాత్రం నేనే. నడవలేదు."

అంతే అన్నది. డ్రైవర్‌ను ఇకమీద అలాంటివి చేయొద్దని హెచ్చరించి పంపారు. నాకు అదీ లేదు. నా తప్పుకు శిక్ష పడే అర్హత కూడా నాకు లేకపోయింది. అది నాకు ఊరట కావాల్సింది. కాలేదు.

బయట వరండాలో ఆమెను ఆపాను. "మేడం, మాఫ్ కరో" అన్నాను.

ఆమె ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది. "చాచా, ఒకటి అడుగుతాను. నిన్న ఒక్కసారేనా? ఇన్నాళ్ళు మీరు నాతో ఖలాస్ అన్నారు కదా. వాటిలో చూడకుండా అన్నవి ఎన్ని?"

నిన్న ఒక్కసారే మేడం అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అని ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేదేమో. నాకైతే తప్పకుండా ఉండేది. ఆమె కొంతసేపు చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ఆమెను పాసుల ఆఫీసుకు మార్చారు. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా అబుదాబి నుంచి ఒకాయన వచ్చాడు. మంచివాడే. స్టాండ్ మాత్రం కారులో కూర్చుని చూసేవాడు. ఎయిర్‌లైన్ వాళ్ళు పోలేదు, ఉండిపోయారు. క్వారీ మనుషులు ఇప్పుడు టాక్సీలో వచ్చి విమానం ఎక్కుతున్నారు. అందరూ అది ఆమె పుణ్యమని మరిచిపోయారు. నేనే ఆ స్టాండ్ రోజూ నడవడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు. మోకాలు నొప్పిపెట్టినా నడిచాను. అందుకు నన్ను మెచ్చుకోవద్దు. అవసరమైన రోజున నడవనివాడు తరువాత ఎంత నడిచినా అది వ్యాయామమే.

వయసు నిండాక నా వీసా ఇక పొడిగించరని తేలింది. పోయేముందు పాస్ అప్పగించి, అన్నీ ఇచ్చేశానని పాసుల ఆఫీసులో రాయించుకోవాలి. అన్నాళ్ళలో ఆ ఆఫీసు వైపు పోకుండా ఎలాగో గడిపాను, పాస్ రెన్యువల్ కూడా డ్రైవర్‌తో పంపించేవాణ్ణి. ఈసారి తప్పదు. ముఖం ఎలా చూపించాలా అనుకుంటూ పోయాను.

ఆమె బల్ల వెనక కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, కూర్చోమన్నది. "మోకాలు ఎలా ఉంది చాచా?" అని అడిగింది. చాయ్ తెప్పించింది. తాత పోయాడని చెప్పింది. ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారా, మనవలు ఎంతమంది అని అడిగింది. అన్నిటికీ చెప్పాను. ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. మాట మామూలుగా సాగుతుంటే, ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డానేమో, మరిచిపోయిందేమో అని కూడా ఒక ఆశ పుట్టింది.

జాకెట్టు ఇచ్చాను, పాస్ ఇచ్చాను. ఆమె పాస్‌ను కత్తెరతో రెండు ముక్కలు చేసింది.

"లాకర్ ఖాళీ చేశారా చాచా?"

"చేశాను మేడం."

నిజంగానే చేశాను. పొద్దున్నే తుడిచి మరీ వచ్చాను. ఆ ఆఫీసులో పద్ధతేమిటంటే, ఆ మాట అడిగి, అవునంటే సంతకం చేసి పంపడమే. నాకంటే ముందు పోయినవాళ్ళందరికీ అలాగే జరిగింది. ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆగి, పెన్ను బల్లమీద పెట్టి, తాళంచెవి ఇవ్వమని చేయి చాచింది.

ఇద్దరం షెడ్డు దాకా నడిచాం. మధ్యలో వాతావరణం గురించి ఏదో మాట్లాడింది. లాకర్ తలుపు తీసి లోపలికి వంగి చూసింది. కింది అర చూసింది. పైఅర ఎత్తులో ఉంది, కళ్ళకు అందదు. మునివేళ్ళ మీద నిలబడి, చేయి చివరిదాకా పెట్టి తడిమి చూసింది. ఏమీ లేదు. అప్పుడు సంతకం చేసింది.